ఎవరి నుంచి ఎవరికి?

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే కోవకు చెందినవి తీసుకున్నాను. హెచ్‌పీవీ, హెర్పిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి... వైరస్ పేరు మారుతోంది గానీ అందరూ అడుగుతున్నది దాదాపు ఒకటే: "ఇది నాకు తన నుంచి వచ్చిందా? నా నుంచి తనకు వెళ్తుందా?" మొదటి ప్రశ్నకు చాలాసార్లు జవాబు దొరకదు. రెండోదానికి మాత్రం చాలావరకు గట్టి జవాబులే ఉన్నాయి, కానీ దాని గురించి అడిగేవాళ్లే తక్కువ. పేర్లు వేయవద్దని అందరూ రాశారు, వేయలేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు, పెళ్లయి పదకొండేళ్లు. ఏ బాధా లేదు, ఊరికే స్క్రీనింగ్ చేయించుకుంటే 'హెచ్‌పీవీ 16 పాజిటివ్' అని వచ్చింది. మా వారిని తప్ప నేను ఇంకెవరినీ ఎరగను. ఆయన్ని అడిగితే తనకేమీ తెలీదంటున్నారు, పైగా "అలా అయితే నేనే నిన్ను అనుమానించాలి" అన్నారు. అప్పటి నుంచి మాటల్లేవు. ఇది శారీరకంగా కలిస్తేనే వస్తుందట కదా, మరి నాకెలా వచ్చింది? ఆయనకీ టెస్ట్ చేయించాలా?

జవాబు: ఆ రిపోర్టు పక్కన పెట్టుకుని ఇది చదవండమ్మా. శాంపిల్ తీసిన రోజున మీ గర్భాశయ ముఖద్వారం దగ్గరి కణాల్లో 16వ రకం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) డీఎన్‌ఏ కనబడింది, అందులో ఉన్నది అంతవరకే. ఎప్పుడు వచ్చిందో లేదు, ఎవరి నుంచి వచ్చిందో లేదు. ఆ రెండు ముక్కలూ చెప్పగలిగే పరీక్ష మీరు ఏ ల్యాబ్‌కి వెళ్లినా దొరకదు.

ఈ వైరస్ రక్తంలో తిరిగే రకం కాదు. చర్మానికి చర్మం రాసుకున్నప్పుడు కంటికి కనబడనంత చిన్న గీతలు పడతాయి, వాటి గుండా దిగి అట్టడుగు పొరలోని కణాల్లో చేరుతుంది. చేరాక జ్వరం రాదు, నొప్పి ఉండదు, మామూలుగా దురద కూడా ఉండదు. మన రోగనిరోధక వ్యవస్థకు కూడా వెంటనే కబురు అందదు. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది, అంటే పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గినది పూర్తిగా పోయిందా, లేక ఏ మూలో కొద్దిగా నక్కి ఉండి ఏళ్ల తర్వాత మళ్లీ తలెత్తిందా అన్నది తేల్చడం కష్టం. రెండూ జరుగుతాయి.

కాబట్టి మీ వారికి పెళ్లికి ముందెప్పుడో, ఒకే ఒక్క పరిచయంలో అంటి, ఆయనకు తెలియకుండానే మీకు వచ్చి, మీలో ఇన్నేళ్లు కనబడకుండా ఉండి ఇప్పుడు బయటపడి ఉండవచ్చు. లేదా నిరుడు వచ్చినదే కావచ్చు. ఆయన నిజం చెబుతున్నారని నేను హామీ ఇవ్వలేను, మిమ్మల్ని అనుమానించే హక్కు ఆయనకు ఈ రిపోర్టు ఇస్తోందని కూడా అనలేను. శారీరక సంబంధాలున్న మనుషుల్లో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం హెచ్‌పీవీ వచ్చే ఉంటుంది, వచ్చినట్టు తెలియకుండానే పోయి ఉంటుంది. ఇంత మామూలుగా తిరిగే వైరస్‌ను సాక్ష్యంగా పెట్టి ఇంట్లో విచారణ నడపడం అన్యాయం. మీ మధ్య అనుమానానికి వేరే కారణాలుంటే వాటి గురించి విడిగా మాట్లాడుకోండి, దీన్ని అందులోకి లాగకండి.

ఇక ఆయనకు టెస్ట్ సంగతి. మగవాళ్లలో హెచ్‌పీవీని పట్టుకోవడానికి మామూలుగా వాడే స్క్రీనింగ్ పరీక్ష లేదు. ఎక్కడైనా చేసి పెట్టినా, పాజిటివ్ అంటే ఇవ్వడానికి మందు లేదు, నెగటివ్ అంటే ఆయన నుంచి రాలేదని అర్థమూ కాదు. దంపతులిద్దరినీ పరీక్షించి చూసిన అధ్యయనాల్లో ఒకరిలో ఉన్న రకమే రెండోవారిలోనూ తరచుగా కనబడింది. అంటే మీ ఇద్దరి మధ్య ఆ పంపకం ఈపాటికే అయిపోయి ఉంటుంది. వేరు వేరు గదుల్లో పడుకుంటే ఒరిగేదేమీ లేదు. ఆయనకు జననాంగాల మీద గానీ చుట్టుపక్కల గానీ పులిపిర్లు ఉంటే మాత్రం చూపించుకోమనండి. ఆ పులిపిర్లు పుట్టించేవి ఎక్కువగా 6, 11 రకాలు, మీ 16తో వాటికి సంబంధం లేదు. కండోమ్ విషయానికొస్తే, అది కప్పని చోట కూడా ఈ వైరస్ ఉంటుంది కాబట్టి పూర్తి రక్షణ ఇవ్వదు, కానీ పనికిరాదని కొట్టిపారేయడం కూడా తప్పు. 2006లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో ప్రతిసారీ కండోమ్ వాడిన జంటల్లో అమ్మాయిలకు హెచ్‌పీవీ రావడం 70 శాతం తగ్గింది. నెదర్లాండ్స్‌లో చేసిన మరో ట్రయల్‌లో, గర్భాశయ ముఖద్వారంలో మార్పులు అప్పటికే మొదలైన స్త్రీలలో కండోమ్ వాడినవాళ్లకు ఆ మార్పులు తొందరగా తగ్గాయి. కొన్నాళ్లు వాడతామంటే వాడండి, నష్టం లేదు.

మీరు అసలు టెన్షన్ పడాల్సింది ఇంకో చోట. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం 16, 18 రకాలే, ఆ రెంటిలోనూ 16 మొండిది. క్యాన్సర్లలో 16వ రకాన్ని 1983లో గుర్తించిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారంటే దీని ప్రాధాన్యం ఎంతో ఊహించుకోండి. అలాగని పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. వైరస్ పోకుండా ఏళ్ల తరబడి పాతుకుపోతే కణాల్లో మార్పులు వస్తాయి, అవి క్యాన్సర్ దాకా వెళ్లడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధిలో పట్టుకుంటే చిన్న ప్రొసీజర్‌తో పోతుంది. 16 వచ్చినవాళ్లకు పాప్ స్మియర్ (అక్కడి కణాలను తీసి చూసే పరీక్ష) నార్మల్‌గా ఉన్నా కాల్పోస్కోపీ చేస్తారు, అంటే గర్భాశయ ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో దగ్గరగా చూసి, అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. గొడవ పడుతూ దాన్ని వాయిదా వేయకండి. తర్వాత ఎప్పుడు మళ్లీ పరీక్ష చేయించుకోవాలో ఆ డాక్టరే చెబుతారు. మీరు గానీ ఆయన గానీ సిగరెట్ తాగుతుంటే మానేయండి, పొగ ఈ వైరస్ పాతుకుపోవడానికి సాయం చేస్తుంది. టీకా ఇప్పుడు వేయించుకుంటే ఈ 16 పోతుందా అంటే పోదు. టీకా రాకముందు ఆపడానికే గానీ వచ్చినదాన్ని తరిమేయడానికి కాదు, మిగతా రకాల నుంచి కాపాడుతుంది అంతే.

ప్రశ్న: నాకు 29. హెర్పిస్ టైప్ 2 ఉందని రెండేళ్ల క్రితం తెలిసింది. ఏడాదికి రెండు మూడుసార్లు పొక్కులు వస్తాయి, వారంలో తగ్గిపోతాయి. త్వరలో పెళ్లి. ఆమెకు ఇంకా చెప్పలేదు. పొక్కులు లేనప్పుడు కలిస్తే అంటదని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా? నిజమైతే చెప్పాల్సిన అవసరం లేదు కదా సార్?

జవాబు: నిజం కాదు. నిజమైనా చెప్పాల్సిందే.

పొక్కులు లేనప్పుడు కూడా అంటుతుంది. ఎందుకంటే హెర్పిస్ వైరస్ మొదటిసారి వచ్చి తగ్గాక ఒంట్లోంచి పోదు. నడుము కింద వెన్నెముక దగ్గరుండే నరాల ముడుల్లోకి వెళ్లి నిద్రపోతుంది. అప్పుడప్పుడూ లేచి నరం వెంట చర్మం దాకా వస్తుంది. పెద్దమొత్తంలో వస్తే పొక్కులు లేస్తాయి, కొద్దిగా వస్తే ఏమీ కనబడదు, కొన్ని గంటలు చర్మం మీద ఉండి పోతుంది. ఆ గంటల్లో కలిస్తే అంటుకునే అవకాశం ఉంది. టైప్ 2 కొత్తగా అంటించుకున్నవాళ్లలో చాలామందికి అది ఇలా ఏ పొక్కూ లేని రోజుల్లో వచ్చినదే, ఇచ్చినవాళ్లకు కూడా తమలో ఉన్నట్టు తెలియదు. ఇన్‌ఫెక్షన్ వచ్చిన మొదటి ఏడాదిలో ఇలా బయటికి రావడం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది గానీ ఆగిపోదు.

పొక్కులు వచ్చే ముందు మీకు కొన్ని గుర్తులు తెలుస్తూనే ఉండాలి, గమనించండి. ఎప్పుడూ వచ్చే చోటే చిమచిమలాడుతుంది, మంటగా ఉంటుంది, కొందరికి పిరుదు నుంచి తొడ వెనక దాకా లాగినట్టు నొప్పి. ఒకటి రెండు రోజుల్లో అక్కడే ఎర్రటి చర్మం మీద చిన్న చిన్న నీటి పొక్కులు గుత్తిగా లేస్తాయి. చిట్లి పుండవుతాయి, తర్వాత పక్కు కడతాయి. ఆ మొదటి చిమచిమ నుంచి పక్కు రాలి కింద చర్మం మామూలుగా కనబడే వరకు కలవకూడదు, కండోమ్‌తో కూడా వద్దు. ఈ ఒక్క నియమం పాటించినా చాలా రిస్కు తగ్గుతుంది.

మిగతా రోజుల కోసం రెండు దారులున్నాయి, రెండూ కలిపి వాడుకోవచ్చు. ఒకటి మాత్ర. 2004లో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఒకరికి టైప్ 2 ఉండి రెండోవారికి లేని 1,484 జంటలను తీసుకుని, ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లలో సగంమందికి రోజుకొక 500 మిల్లీగ్రాముల వాలాసైక్లోవిర్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఎనిమిది నెలలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర జంటల్లో 27 మంది భాగస్వాములకు వైరస్ అంటింది, మందు వాడిన జంటల్లో 14 మందికి. అంటే దాదాపు సగానికి తగ్గింది, సున్నా కాలేదు. ఇంకో విషయం గమనించారా, మందు లేని గుంపులో కూడా అంటనివాళ్లే చాలా ఎక్కువ. (వాళ్లంతా పొక్కులున్నప్పుడు ఆగమని, కండోమ్ వాడమని సలహా తీసుకున్నవాళ్లే అనుకోండి.) రెండోది కండోమ్. మగవాళ్ల నుంచి ఆడవాళ్లకు వెళ్లడాన్ని కండోమ్ చాలా గట్టిగా ఆపుతుంది, 2016లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం 96 శాతం. ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు వెళ్లేది 65 శాతం తగ్గుతుంది. మీ విషయంలో కావలసింది మొదటి అంకె.

ఇప్పుడు చెప్పడం సంగతి. తన ఒంటికి సంబంధించిన రిస్కు తీసుకోవాలో వద్దో ఆమె తేల్చుకోవాలి, మీరూ మీ ఫ్రెండూ కాదు. అంతకు మించి, చెప్పడమే ఒక మందులా పనిచేస్తుందని లెక్కలున్నాయి. 2006లో వచ్చిన అధ్యయనంలో, భాగస్వామికి హెర్పిస్ ఉందని ముందే తెలిసినవాళ్లకు తెలియనివాళ్లతో పోలిస్తే చాలా ఆలస్యంగా అంటింది. తెలిస్తే ఇద్దరూ జాగ్రత్త పడతారు, చిమచిమ మొదలైన రోజు మీరు "తలనొప్పిగా ఉంది" అని సాకులు వెతుక్కోనక్కర్లేదు. ఆమె కూడా ఒక రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది, టైప్ 1, టైప్ 2 విడిగా చెప్పే యాంటీబాడీ టెస్ట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వారిలో 50 కోట్ల మందికి పైగా టైప్ 2 ఉంది, వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. ఆమెకు కూడా ఇప్పటికే ఉంటే ఈ భయమంతా అక్కర్లేదు. లేకపోతే, రేపు గర్భం వచ్చినప్పుడు గైనకాలజిస్ట్‌కు మీ విషయం మొదటి విజిట్‌లోనే చెప్పాలి. చివరి మూడు నెలల్లో తల్లికి కొత్తగా హెర్పిస్ అంటితే బిడ్డకు నిజంగా ప్రమాదం. దాచిపెట్టిన హెర్పిస్ వల్ల నేను అన్నిటికన్నా భయపడేది అక్కడే.

పెళ్లికి ముందు చెప్పండి. ఆమె కాదంటే? అనవచ్చు. ఆ కష్టం నాకు తెలుసు, దానికి నా దగ్గర మాత్ర లేదు.

ప్రశ్న: మా ఆవిడకు చలి జ్వరం వచ్చినప్పుడల్లా పెదవి చివర పొక్కులొస్తాయి, చిన్నప్పటి నుంచీ ఉందట. పోయిన నెల నాకు పురుషాంగం మీద పుండ్లు వచ్చాయి, డాక్టరు హెర్పిస్ అన్నారు. నేను ఏ తప్పూ చేయలేదు. ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు.

జవాబు: నేను నమ్ముతున్నాను. ఆ డాక్టరు పుండు నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేయించారా, టైప్ 1 వచ్చిందా అడగండి. పెదవి మీద పొక్కులు పుట్టించే టైప్ 1 నోటి ద్వారా సెక్స్ చేసినప్పుడు కిందికి చేరుతుంది. ఆ సమయంలో పెదవి మీద పొక్కు కనబడాలని కూడా లేదు. ప్రపంచంలో 50 ఏళ్లలోపు వారిలో మూడింట రెండొంతుల మందికి టైప్ 1 ఉంటుంది, చాలావరకు చిన్నతనంలో పెద్దవాళ్లు ముద్దు పెట్టుకున్నప్పుడు వచ్చేదే, కాబట్టి మీ ఆవిడ తప్పు కూడా ఇందులో ఏమీ లేదు. స్వాబ్‌లో టైప్ 1 వస్తే ఇంకో మంచి మాట ఏమిటంటే, కింద వచ్చిన టైప్ 1 టైప్ 2 అంత తరచుగా తిరగబెట్టదు. ఆమెకు పెదవి చిమచిమలాడినప్పుడు మాత్రం ముద్దులు, నోటి ద్వారా సెక్స్ ఆపేయండి.

ప్రశ్న: మా ఆయన హెచ్‌ఐవీ పాజిటివ్. పెళ్లయిన మూడేళ్లకు తెలిసింది, అప్పటి నుంచి ఏఆర్‌టీ మందులు ఒక్క రోజు మానకుండా వాడుతున్నారు. నాకు నెగటివ్. అన్నేళ్లు ఏ జాగ్రత్తా లేకుండా ఉన్నా నాకెందుకు రాలేదో అర్థం కాదు. ఆయన రిపోర్టులో వైరల్ లోడ్ దగ్గర 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వస్తోంది. మాకు పిల్లలు కావాలి. కండోమ్ లేకుండా కలవొచ్చా, భయంగా ఉంది.

జవాబు: మొదట ఆ "ఎందుకు రాలేదు" గురించి. హెచ్‌ఐవీ అందరూ అనుకునేంత తేలిగ్గా అంటదు. మందులు వాడని పాజిటివ్ మగవాడి నుంచి స్త్రీకి యోని ద్వారా కలిసినప్పుడు వచ్చే అవకాశం సగటున 10,000 కలయికల్లో 8 సార్లు. ఇది సగటు మాత్రమే, ఆయన ఒంట్లో వైరస్ ఎంత ఉంది, ఇద్దరిలో ఎవరికైనా పుండ్లు, వేరే సుఖవ్యాధులు ఉన్నాయా అన్నదాన్నిబట్టి బాగా పెరుగుతుంది. మలద్వారం ద్వారా అయితే అంకె ఎన్నో రెట్లు ఎక్కువ. కొందరికి మొదటిసారే వస్తుంది, కొందరికి ఏళ్లు గడిచినా రాదు. మీది అదృష్టం, ఇంకేమీ లేదు. మీ ఒంట్లో ప్రత్యేకమైన శక్తి ఉందనుకుని ధీమా పడకండి.

అసలు నిర్ణయించేది వైరల్ లోడే, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్నదే. ఉగాండాలోని రకాయ్ ప్రాంతంలో ఒకరు పాజిటివ్, ఒకరు నెగటివ్ ఉన్న 415 జంటలను గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. లోడ్ ఎక్కువ ఉన్నవాళ్ల నుంచి ఎక్కువగా అంటింది, మిల్లీలీటరుకు 1,500 కాపీల కన్నా తక్కువ ఉన్నవాళ్ల నుంచి ఒక్కరికీ అంటలేదు. మరి మందులతో లోడ్ తగ్గిస్తే? 2011లో హెచ్‌పీటీఎన్ 052 అనే ట్రయల్ దానికి జవాబు చెప్పింది, మందులు తొందరగా మొదలుపెట్టిన జంటల్లో భాగస్వామికి అంటడం 96 శాతం తగ్గింది. 2016లో యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం ఇంకా ముందుకెళ్లింది. అందులో దాదాపు 900 జంటలు, పాజిటివ్ వ్యక్తి లోడ్ మందులతో 200 కాపీల కన్నా తక్కువ, కండోమ్ లేకుండా కలిసినవి మొత్తం 58,000 సార్లు. ఆ కాలంలో నెగటివ్‌గా ఉన్నవాళ్లలో 11 మందికి హెచ్‌ఐవీ వచ్చింది. అయ్యో అనకండి, ఆ పదకొండు వైరస్‌ల జన్యువులను పోల్చి చూస్తే ఒక్కటీ భాగస్వామి వైరస్‌తో సరిపోలేదు, అన్నీ బయటివాళ్ల నుంచి వచ్చినవే. భాగస్వామి నుంచి అంటిన కేసులు సున్నా.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు, అవును, కలవొచ్చు. షరతులు ఇవి: లోడ్ కనీసం ఆరు నెలలుగా ఇలాగే దొరకనంత తక్కువ ఉండాలి, ఆయన మాత్ర మానకూడదు, డాక్టరు చెప్పిన సమయానికి లోడ్ టెస్ట్ తప్పకూడదు. ఆయన ప్రయాణాల్లో మందు అయిపోయి వారం పది రోజులు ఆగితే ఈ లెక్కలన్నీ రద్దు, మళ్లీ లోడ్ చూసుకునే దాకా కండోమ్. భయం తగ్గకపోతే మీరు కూడా గర్భం కోసం ప్రయత్నించే నెలల్లో ప్రెప్ మాత్రలు వాడుకోవచ్చు, రోజుకొకటి, మీకు హెచ్‌ఐవీ రాకుండా ఆపేవి. అవసరమై కాదు, మనశ్శాంతి కోసమైనా తప్పులేదు, మీ డాక్టరుతో మాట్లాడండి. వీర్యాన్ని శుభ్రం చేసి గర్భాశయంలోకి ఎక్కించే పద్ధతిని ఒకప్పుడు మీలాంటివాళ్లకు సలహా ఇచ్చేవారు, ఇప్పుడు అది అక్కర్లేదు. మీరు నెగటివ్‌గా ఉన్నంతకాలం బిడ్డకు తండ్రి నుంచి నేరుగా రాదు. గర్భంలో మీ టెస్టులు మాత్రం క్రమం తప్పకుండా చేయించుకోండి.

ప్రశ్న: నా భార్య మూడో నెల గర్భవతి. టెస్టుల్లో హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, అంటే హెపటైటిస్ బి అన్నారు. మా అమ్మ తన కంచం, గ్లాసు వేరు చేసింది. బంధువులు తన నడత గురించి మాట్లాడుతున్నారు. నాకు వస్తుందా? బిడ్డకు?

జవాబు: బంధువుల నోరు ముందు మూయిద్దాం. హెపటైటిస్ బి పెద్దవాళ్లకు వస్తే నూటికి 95 మందికి పైగా కొన్ని నెలల్లో దాన్ని వదిలించుకుంటారు. పుట్టుకతో వస్తే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి ఉండిపోతుంది. ఏ కామెర్లూ లేకుండా గర్భం టెస్టుల్లో బయటపడిందంటే తను పుట్టినప్పుడు వాళ్లమ్మ నుంచో, పసితనంలోనో వచ్చి ఉండటానికే అవకాశం ఎక్కువ. తన తల్లిని, తోబుట్టువులను కూడా టెస్ట్ చేయించుకోమనండి, వాళ్లకు తెలియకుండా ఉండి ఉండవచ్చు.

కంచం గ్లాసు వేరు చేయనక్కర్లేదు. తిండి, నీళ్లు, దగ్గు, కౌగిలింత, వీటివల్ల రాదు. వచ్చేది రక్తం, వీర్యం, యోని ద్రవాల ద్వారా, అది మాత్రం హెచ్‌ఐవీ కన్నా ఎన్నో రెట్లు తేలిగ్గా వస్తుంది. ఒంటి బయట కూడా ఏడు రోజులు బతుకుతుంది కాబట్టి ఎండిన రక్తపు మరక ఉన్న రేజర్, నెయిల్ కట్టర్, టూత్‌బ్రష్, ఇవి పంచుకోకండి. వేరు చేయాల్సినవి ఇవీ, మీ అమ్మగారు చేసింది తప్పు వస్తువుల్ని.

మీరు ఈ వారంలోనే టెస్టులు చేయించుకోండి, హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే కాదు, యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ ఉందో లేదో చెప్పేది), యాంటీ హెచ్‌బీసీ (ఎప్పుడైనా సోకిందో లేదో చెప్పేది) కూడా. రక్షణ లేదని తేలితే టీకా వెంటనే: ఇవాళ ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ మళ్లీ చూడండి, 10 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మీకు రక్షణ వచ్చినట్టే. అప్పటిదాకా కండోమ్, ఆ తర్వాత దీనికోసం అక్కర్లేదు. మొత్తం ఉత్తరాల్లో దీనంత సులువుగా తేలిపోయే సమస్య ఇంకొకటి లేదు.

బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా పడాలి, దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా, తర్వాత మిగతా డోసులు. తన వైరల్ లోడ్ చూడమనండి, ఎక్కువ ఉంటే చివరి మూడు నెలల్లో టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు. పాలు నిక్షేపంగా ఇవ్వొచ్చు. కాన్పు ఎక్కడైతే అక్కడ ఈ విషయం ముందే చెప్పి కేస్ షీటు మీద రాయించండి, ఆ 24 గంటల టీకా హడావిడిలో మర్చిపోకుండా. కాన్పు తర్వాత తన లివర్ ఫాలోఅప్ వదిలేయకండి, అందరూ బిడ్డ మీద పడి తల్లిని మర్చిపోతారు.

ప్రశ్న: మా ఆవిడకు హెపటైటిస్ సి. ఇరవై ఏళ్ల కాపురం. నాకు ఖాయంగా వచ్చి ఉంటుందా?

జవాబు: రాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఇది ప్రధానంగా రక్తం ద్వారా వస్తుంది. ఒక్కరితోనే కాపురం చేసే 500 స్త్రీపురుష జంటలను పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం గరిష్ఠంగా 1,90,000 కలయికలకు ఒకసారి అంటవచ్చు. ఒకసారి టెస్ట్ చేయించుకుని నిశ్చింతగా ఉండండి. ఆమెకు మందు ఇప్పించండి, రెండు మూడు నెలల మాత్రలతో 95 శాతం పైగా పూర్తిగా నయమవుతోంది.

ప్రశ్న: టాయిలెట్ సీటు, టవల్ వల్ల ఇవి వస్తాయా? మా వారు అలాగే వచ్చిందంటున్నారు.

జవాబు: హెచ్‌ఐవీ రాదు. హెర్పిస్ ఒంటి బయట ఎక్కువసేపు బతకదు, టాయిలెట్ సీటు కథ నేను కూడా నమ్మను. టవల్ వల్ల నిజంగా వచ్చేది ఒకటుంది, మొలస్కం అనే చర్మపు వైరస్: ముత్యాల్లా నున్నగా, నడుమ చిన్న గుంటతో బుడిపెలు వస్తాయి. ఆ చోట షేవింగ్ చేస్తే మరింత పాకుతుంది. మీ వారికి వచ్చింది ఏదో రాయలేదు మీరు. అదైతే ఆయన మాట నిజమే కావచ్చు.

ప్రశ్న: సార్, మొన్న రాత్రి వేరే చోట కండోమ్ లేకుండా జరిగింది. ఇంట్లో భార్యకు తెలియదు. ఇప్పుడు నేనేం చేయాలి, ఎన్నాళ్లకు టెస్ట్?

జవాబు: మీరు పత్రికకు రాస్తూ కూర్చోవాల్సిన సమయం కాదది. ఇలా జరిగిన 72 గంటల్లోపు పెప్ అనే హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే చాలావరకు ఆగుతుంది, ఎంత తొందరగా అయితే అంత మేలు. ఏ పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీలో అడిగినా చెబుతారు. మీ ప్రశ్న నా చేతికి వచ్చేసరికే ఆ గడువు దాటిపోయింది, ఇది చదివే ఇంకొకరికైనా పనికొస్తుందని వేస్తున్నాను.

మీకు ఇప్పుడు మిగిలింది టెస్టులు. నిన్న జరిగి ఇవాళ చేయించుకున్న హెచ్‌ఐవీ టెస్ట్ నెగటివ్ వస్తే అది పాత సంగతే చెబుతుంది. యాంటిజెన్, యాంటీబాడీ రెండూ చూసే నాలుగో తరం ల్యాబ్ టెస్ట్ 45 రోజుల తర్వాత నెగటివ్ అయితే నమ్మొచ్చు, వేలు గుచ్చి చేసే ర్యాపిడ్ టెస్ట్ అయితే 90 రోజులు ఆగాలి. హెపటైటిస్ బి టీకా ఎప్పుడూ వేయించుకోకపోతే ఆ మొదటి డోసు కూడా వెంటనే వేయించుకోండి. టెస్ట్ నెగటివ్ అని తేలేదాకా ఇంట్లో కండోమ్ తప్పనిసరి. "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు" అని ఆమె అడుగుతుంది, అడగాలి కూడా. హెచ్‌ఐవీ కొత్తగా అంటిన మొదటి వారాల్లోనే ఒంట్లో వైరస్ అత్యధికంగా ఉంటుంది, టెస్టుకు దొరకని ఆ రోజుల్లోనే ఇంకొకరికి అంటించే అవకాశం ఎక్కువ. ఆమెకు ఏం చెబుతారో మీ ఇష్టం, కండోమ్ మాత్రం ఇవాళ్టి నుంచే.